ఉప్పెన బాలకోటయ్య ఆపద మూట

శావల్యాపురం నుంచి వాగు దాటి ఇవతలికొస్తే మా ఊరు. మాకు నీళ్ళకు కరువు గానీ, నీళ్ళ కబుర్లకు ఏనాడూ కరువు లేదు. ఆ పుణ్యం బాలకోటయ్యది. మనిషికి ఈత రాదు. వాగులో మోకాళ్ళు దాటి దిగిన పాపాన పోలేదు. అయినా చుట్టుపక్కల నాలుగూళ్ళకూ ఆయన ఉప్పెన బాలకోటయ్య. బస్సు కండక్టరు కూడా "ఉప్పెన పెద్దాయనా, ఎక్కు ఎక్కు" అనే అంటాడు.

డెబ్బై ఏడులో దివిసీమ మీద ఉప్పెన పడ్డప్పుడు తాను అక్కడే ఉన్నానని ఆయన చెబుతాడు. చెప్పటమంటే అట్టా ఇట్టా కాదు. మొదట్లో అల తాటిచెట్టంత లేచిందనేవాడు. ఏడాదికి కాస్త చొప్పున పెరిగి పెరిగి ఆ అల ఇప్పుడు కోటప్పకొండంత అయింది. కొబ్బరిచెట్టు గాలికి వంగి తల నేలకు ఆనిస్తే ఈయన దాని మట్ట పట్టుకున్నాడంట. గాలి తెరిపియ్యగానే చెట్టు వడిసెల మాదిరి లేచి విసిరితే, పోయి పక్కూరి గడ్డివామి మీద పడ్డాడంట. గాల్లో పోతుంటే ఎదురుగా నులకమంచం మీద ఒక ముసలమ్మ, మంచంతో సహా వస్తా, "నాయనా, ఇది ఏ ఊరు?" అని అడిగిందంట. ఈయన ఊరి పేరు చెప్పి, "మామ్మా, దుప్పటి కప్పుకో, చలిగాలి" అన్నాడంట.

వినేవాళ్ళు కడుపులు పట్టుకోని నవ్వేవాళ్ళు. పక్కన కూర్చున్న యల్లమంద మాత్రం నవ్వేవాడు కాదు. బీడీ ముట్టించుకోని, "ఆ, అవును" అని ఒక్క మాట అనేవాడు. సాక్ష్యానికి అది చాలు.

అసలు సంగతి ఏందంటే, ఆ ఏడు ఇక్కడ వానల్లేవు. కుర్రాడు బాలకోటయ్య, జతగాడు యల్లమంద ఇద్దరూ వరికోతలకని రేపల్లె మీదుగా దివిసీమకు బయల్దేరారు. రైలు తెనాలిలో ఆగిపోయింది. గాలి తగ్గినదాకా స్టేషన్లో బెంచీ కింద దూరి, ఎవరో వదిలేసి పోయిన అరటిగెల తింటా కూర్చున్నారు. తర్వాత వెనక్కొచ్చారు. ఊళ్ళో దిగీ దిగంగానే జనం చుట్టూ మూగి, "చూశావంట్రా? చూశావా?" అని అడిగారు. అంతమంది తన మొహం వంక అట్టా చూడటం బాలకోటయ్యకు పుట్టి బుద్ధెరిగినాక అదే మొదలు. "చూశా" అన్నాడు. అంతే. ఆ ఒక్క మాటకు కాళ్ళొచ్చినయి, చేతులొచ్చినయి, ముసలమ్మ వచ్చింది, మంచం వచ్చింది.

నవ్వని మనిషి ఇంకొకామె కూడా ఉంది. కోడలు రోహిణి తల్లి, మహాలక్ష్మి.

కొడుకు వంశీకృష్ణ నరసరావుపేటలో చదువుకునేప్పుడు ఇష్టపడ్డ పిల్లది దివిసీమే. మాటలకని వాళ్ళింటికి పోయినరోజు బాలకోటయ్య ఊరుకుంటే పోయేది. కానీ ఎదురుగా కొత్త మనుషులు, చేతిలో వేడి కాఫీ. నోరు ఊరుకోలా. కొబ్బరిచెట్టు అయింది, గడ్డివామి అయింది, మంచం మీద ముసలమ్మ దాకా వచ్చాడు. ఒక్కరూ నవ్వలేదు. అప్పుడు చూశాడు, వాళ్ళ గోడకు వరసగా దండలేసిన ఫొటోలు. అందులో ముసలమ్మలూ ఉన్నారు.

మహాలక్ష్మి చేతిలో పళ్ళెం కింద పెట్టి దగ్గరికొచ్చింది.

"అన్నయ్యగారూ, మీరు అక్కడే ఉన్నారుగదా. మా అక్క నాంచారి. తొమ్మిదేళ్ళది. పచ్చ లంగా కట్టుకుంది. మనిషి దొరకలేదు. మీకేమన్నా కనపడిందా?"

లేదంటే సరిపోయేది. ఆమె మొహం చూశాక లేదనటానికి నోరు రాలేదు. పిల్లలకు జేబులోంచి బిళ్ళ తీసిచ్చినంత తేలిగ్గా, "పచ్చ లంగానా చెల్లెమ్మా? ఒక పడవలో ఎక్కించుకున్నారు. కళ్ళారా చూశా. బందరు వైపు పోయింది ఆ పడవ" అన్నాడు.

ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకోని లోపలికి పోయింది. పెళ్ళి కుదిరింది.

అప్పట్నుంచి మహాలక్ష్మి కూతురికి ఫోను చేసినప్పుడల్లా, "మీ మామయ్యగారికి ఒకసారి ఇవ్వమ్మా" అంటది. పడవకు తెరచాప ఉందా, తోసేవాళ్ళు ముసలోళ్ళా, పిల్ల ఏడుస్తుందా అని అడుగుద్ది. ఈయన గేదెలకు కుడితి పెట్టాలని ఫోను కోడలి చేతిలో పెట్టి దొడ్లోకి పోతాడు. ఊళ్ళో కథ చెప్పటం మాత్రం మానలేదు. కాకపోతే కోడలు వింటుందేమోనని గొంతు తగ్గించి చెప్పేవాడు. ఉప్పెన ఎత్తు తగ్గలా, గొంతు తగ్గిందంతే.

*

మొన్న అక్టోబరులో ఒక పొద్దున ఊళ్ళో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారే కుయ్యోమన్నయి. తుఫాను హెచ్చరిక. మా ఊరి హనుమయ్య అయితే ఫోను పేలుద్దేమోనని గడ్డిమోపు కింద పెట్టి దూరంగా పోయి నిలబడ్డాడంట.

రోహిణి లోపలికి పోయి ఖాళీ పెయింటు బక్కెట్టు ఒకటి తెచ్చి పంచలో పెట్టింది. మూత బిగిస్తే గాలి కూడా దూరనిది. బాలకోటయ్య పడక్కుర్చీలోంచి చూశాడు.

"ఏందమ్మా, గోడలకు రంగులా?"

"కాదు మామయ్యా. ఆపదకని నాలుగు వస్తువులు ఒకచోట సర్దుతున్నా. మా అమ్మ వాళ్ళింట్లో ఎప్పుడూ ఒక బక్కెట్టు సర్దే ఉంటది."

"సముద్రం యాడ, మనం యాడ? మన గుండ్లకమ్మ ఏట్లోకి ఓడలేమన్నా వస్తయ్యంటావా?"

రోహిణి నవ్వి ఊరుకుంది. అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు ఒక కవర్లో. అటుకులు, బెల్లం, బిస్కెట్లు ఒక కవర్లో. అత్తగారి బీపీ బిళ్ళలు, మనవడు మణిదీప్ జ్వరం మందు, ఉప్పూ చక్కెరా కలిపిన పొడి పొట్లాలు. టార్చిలైటు. ఫోన్లు చార్జింగు పెట్టుకునే పవర్ బ్యాంకు, నిండా ఎక్కించింది. ఆధారు కార్డుల జిరాక్సులు. అన్నిటికంటే పైన ఒక కొత్త చీర పెట్టింది. చిలకపచ్చ మంగళగిరి నేత, ఎర్రంచు. మడత కూడా విప్పలేదు.

"అబ్బో! తుఫానుకు కొత్తచీర ఎందుకే? వానదేవుడి పెళ్ళానికి సారె పెడతావా?"

"ఉండనియ్యండి మామయ్యా" అంది రోహిణి. ఆ ఒక్క మాటే.

పెళ్ళాం కృష్ణవేణి చింతపండు గింజ తీస్తా, "ఏందయ్యా ఎకసెక్కాలు! ఉప్పెనలో ఎగిరొచ్చినోడివి గదా, ఏం పెట్టాలో, యాడ పెట్టాలో నువ్వు చెప్పు" అంది.

అరుగు మీద యల్లమంద బీడీ కాల్చుకుంటా ఉన్నాడు. జాకెట్టు కొలతకని వచ్చిన అబిదా గుమ్మంలో నిలబడి ఉంది. వాగొడ్డున మిషను కుట్టుకోని బతికే మనిషి, యాభై దాటినయి, నోరు మంచిది. ఇంతమంది ఉన్నాక బాలకోటయ్య కుర్చీలోంచి లేచాడు.

"యాడ పెడుతున్నావమ్మా దాన్ని?"

"అటక మీద."

"అటక మీదా! గాలొస్తే రేకులు పోతయి, రేకులెంట అటక పోద్ది, దానెంట నీ బక్కెట్టు పోద్ది. నేను చూశా గదా. ఉప్పెనలో భూమ్మీదున్న ప్రతిదీ పోయింది. ఒక కామందు పాతరలో దాచిన ధాన్యం మాత్రం గింజ చెదరలా. గాలికి అందంది భూమి కడుపొక్కటే."

పాతరంటే నేలలో కూజా ఆకారంలో తవ్విన గొయ్యి. నోరు ఇరుకు, కడుపు పెద్దది. వెనకటికి జొన్నలు దాచేవాళ్ళు. బాలకోటయ్య పంచలో ఒకటి ఇంకా మిగిలుంది, మీద నాపరాయి బండ. దొంగలకు భయపడి, నిప్పుకు భయపడి, తగాదాలకు భయపడి మా పల్నాటి వాళ్ళు ఏది దాచినా భూమిలోనే దాచారు. నీళ్ళకు భయపడే అలవాటు మాకు లేదు.

రోహిణి నెమ్మదిగా, "మా వైపు పాతరలుండవు మామయ్యా. రెండడుగులు తవ్వితే నీళ్ళు..." అంది.

బాలకోటయ్యకు చెవుల వెనక చురుక్కుమంది. ఆ మాట అబిదా చెవిన పడకముందే, "ఆ కామందు మనవైపు నుంచి పోయినోడులే! ఇట్టా పట్టుకో బండ" అని గట్టిగా అరిచాడు. యల్లమంద, "ఆ, అవును" అన్నాడు.

బండ లేపారు. బక్కెట్టు దించబోతే పాతర నోట్లో పట్టలేదు. అప్పుడన్నా ఆగొచ్చు. ఆగలా. మూత తీసి, కవర్లలో ఉన్నవి కవర్లలోంచి కూడా తీసి, "ఇన్ని కవర్లుంటే చోటు దండగ" అని అన్నీ ఒక గోతంలో కుక్కాడు. పచ్చచీర అటూ ఇటూ తిప్పి, "వానదేవుడి పెళ్ళామా, నువ్వు అడుక్కు పో" అని దాన్నీ కుక్కి, మూతి తాడుతో బిగించి, పాతరలోకి దించాడు. రోహిణి ఖాళీ బక్కెట్టు పట్టుకోని నిలబడింది. మామగారి మాట, నలుగురిలో. ఏమంటది?

"ఇహ చూడు! అబిదా, నీకే కాదు, ఊళ్ళో ఎవరికేం కావాల్సొచ్చినా మా ఇంటికి రండి. ఉప్పెనకే దొరకనోణ్ణి" అన్నాడు బాలకోటయ్య.

*

వాన మాపటేళకు పట్టుకుంది. తెల్లారి కూడా వదల్లేదు, ఆ మర్నాడూ వదల్లేదు. ఇట్టాంటి వాన మా నల్లరేగడి చూసి ఎన్నాళ్ళయిందో, తాగి తాగి ఇంక తాగలేక కక్కటం మొదలుపెట్టింది. కరెంటు పోయింది. వాగు రోడ్డెక్కింది. వినుకొండ పోయిన వంశీకృష్ణ అక్కడే ఉండిపోయాడు. వాగొడ్డు ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చినయి.

పొద్దున్నే అబిదా నెత్తిన గుడ్డల మూట, చంకలో కోడిపెట్టతో నడుముదాకా తడిసి వచ్చింది. వెనకాల యల్లమంద, నెత్తిన కుట్టుమిషను తలకాయ పెట్టుకోని. బాలకోటయ్య ఇల్లు మెరక మీదిది. గడప దగ్గరికి చుక్క కూడా రాలేదు.

"బాబాయ్, నీ మాట మీద వచ్చా. మూటలో గుడ్డలు కూడా తడిసిపోయినయి. మీ ఇంట్లో అన్నీ ఉన్నయన్నావుగా" అంది అబిదా, చలికి పళ్ళు టకటకలాడతా.

"ఉన్నయి తల్లీ, ఎందుకు లేవు! మామూలుగానా!" బాలకోటయ్య తుండుగుడ్డ నడుముకు చుట్టాడు. నిజం చెప్పాలంటే ఆయనకు ఆ వాన ఇష్టంగానే ఉంది. ఇన్నేళ్ళకు ఆయన కోసం ఒక తుఫాను వచ్చింది. "యల్లమందా, పట్టరా బండ!"

బండ జరిగింది. అందరూ లోపలికి తొంగిచూశారు.

పాతర నోటిదాకా నీళ్ళు. కదలకుండా, నల్లగా, అద్దం మాదిరి. అందులో బాలకోటయ్య మొహం, దాని పక్కన యల్లమంద మొహం, కోడిపెట్ట మొహం. పైనుంచి చుక్క పడలా. భూమే అడుగునుంచి ఊరింది.

బాలకోటయ్య తాడు పట్టి లాగాడు. చేద మాదిరి వచ్చింది గోతం, బుడబుడమంటా. నేలమీద పెడితే పంచంతా పారింది. అగ్గిపుల్లల తలకాయలు ఊడి ఎర్రటి నీళ్ళు కారినయి. అటుకులు, బిస్కెట్లు, బెల్లం అన్నీ కలిసి ఒకటే ముద్ద, ఆ ముద్దలో జిరాక్సు కాగితాలు. టార్చి నొక్కితే గుటకేసింది గానీ వెలగలా. పవర్ బ్యాంకు ఎత్తితే మూలనుంచి ధారగా నీళ్ళు.

కృష్ణవేణి చేతులు నడుమున పెట్టుకుంది. "బాగుందయ్యా! వాగు పక్కనున్న కోడిపెట్ట తడవలా. మెరక మీద మన ఆపద మూట మునిగింది. ఊరంతటికీ ఒక తుఫాను, మాకొక్కళ్ళకే ఉప్పెన."

అబిదా నవ్వాపుకోబోయి తుమ్మింది. బాలకోటయ్యకు నవ్వే వేళ అదే. మామూలుగా అయితే తనే మొదలుపెట్టి, ఆ పాతరలో చేప పడిందని ఒక కథ కట్టేవాడు. నోరు తెరిచాడు. రోహిణి మోకాళ్ళ మీద కూర్చోని గోతం అడుగునుంచి పచ్చచీర లాగుతోంది. ఆ పిల్ల మొహం చూసి నోరు మూశాడు. బెల్లం పాకం పట్టి, అగ్గిపుల్లల ఎర్రరంగు మరకలై, ఆ చీర కొత్తదని చెబితే నమ్మేట్టు లేదు.

చీర పిండాలంటే ఇద్దరు కావాలి. రోహిణి ఒక కొస పట్టుకోని లేచింది. రెండో కొస బాలకోటయ్య పట్టుకున్నాడు. ఆమె అటు తిప్పింది, ఈయన ఇటు తిప్పాడు. నీళ్ళు కారినయి.

"ఏమనుకోబాకమ్మా. ఎవరిది ఈ చీర? ఇట్టాంటిదే ఇంకోటి కొనిస్తాలే."

రోహిణి పిండటం ఆపలేదు. నేలవంక చూస్తా చెప్పింది.

"మా నాంచారి పెద్దమ్మది మామయ్యా. అమ్మ పంపింది. ఆమె బక్కెట్లో ఒకటి ఉంటది, నా బక్కెట్లో ఒకటి పెట్టమంది. పడవ ఎక్కింది గదా, ఎక్కడో బతికే ఉంటదంట. తుఫానులో తడిసి ఎవరి గుమ్మంలోకన్నా వస్తే కట్టుకోటానికి పొడిచీర ఉండాలంట. ఇప్పుడు పెద్దదయి ఉంటదిగా, అందుకని లంగా కాదు, చీర."

బాలకోటయ్య చేతుల్లో చీర కొస బరువెక్కింది.

"ఎప్పటినుంచి పెడుతుంది మీ అమ్మ?"

"మా పెళ్ళి మాటలైన కాడ్నుంచి. అంతకుముందు బక్కెట్లో చీర ఉండేది కాదు."

వాన చూరు మీంచి ధారలుగా పడుతోంది. ఈ చీరనేగదా మొన్న వానదేవుడి పెళ్ళాం అన్నది. ఈ చీరనేగదా చేత్తో అడుక్కు కుక్కింది. బాలకోటయ్యకు చెవుల వెనక మొదలైన వేడి మెడ మీదికి, వీపు మీదికి పాకింది. పంచలో అందరి మధ్య తనొక్కడే గుడ్డల్లేకుండా నిలబడినట్టుంది.

"మామయ్యా, ఒక్క మాట అడుగుతా" అంది రోహిణి. ఇప్పుడు తలెత్తింది. "మా వైపు పాతరలుండవు. మీరు చూశానన్నారు. ఆ పడవ కూడా అట్టాంటిదేనా?"

కృష్ణవేణి, అబిదా, యల్లమంద అందరూ ఈయన వంకే చూస్తున్నారు. అచ్చం ఆనాడు రైలు దిగొచ్చినప్పుడు జనం చూసినట్టే. చూశానంటే చాలు. ఎప్పటి మాదిరే యల్లమంద అవునంటాడు.

"నేను తెనాలి దాటలేదమ్మా" అన్నాడు బాలకోటయ్య.

అబిదా ఫక్కుమంది. "బాబాయ్! నువ్వు కోసినవాటిల్లోకల్లా పెద్దకోత ఇదే! ఉప్పెన బాలకోటయ్య ఉప్పెన చూళ్ళేదంట! పిన్నీ, వింటున్నావా?"

కృష్ణవేణి కూడా నవ్వింది. "మీ బాబాయికి ఆరోగ్యం బాలేనట్టుంది."

నిజం చెబితే నవ్వుతున్నారు. ఇన్నేళ్ళూ నవ్వించటానికి ఎన్ని పాట్లు పడ్డాడో, ఈసారి నవ్వొద్దు దేవుడా అనుకున్నా ఆగటంలేదు. బాలకోటయ్య యల్లమంద వంక చూశాడు. యల్లమంద చెవి సందులోంచి బీడీ తీశాడు. ముట్టించుకుందామని చూస్తే అగ్గిపుల్లలన్నీ నేలమీద ముద్దయి ఉన్నయి. బీడీ మళ్ళీ చెవిలో పెట్టుకున్నాడు.

"నిజమే" అన్నాడు. "తెనాలి స్టేషన్లో బెంచీ కింద. అరటిపళ్ళు తిన్నాం. నాకు రెండ్రోజులు విరోచనాలు."

నవ్వు ఆగిపోయింది. కృష్ణవేణి మొగుణ్ణి కిందనుంచి మీదికి చూసింది. కాపరానికొచ్చిన కాడ్నుంచి చుట్టాలందరికీ తను కూడా చెప్పుకుంది ఆ కథ. ఏమీ అనకుండా వంటింట్లోకి పోయింది. అనుంటేనే బాగుండేది.

అప్పుడే రోహిణి ఫోను మోగింది. చార్జింగు ఎర్రగీతలో ఉంది. ఆమె మాట్లాడింది. బాగున్నామమ్మా, బాబు బాగున్నాడు, నీళ్ళు గడపకు రాలేదు. తర్వాత ఫోను చెవినుంచి తీసి, మామగారి వంక చూసింది.

"అమ్మ. మీకు ఇవ్వమంటోంది."

గేదెలకు కుడితి పెట్టాలి. ఎప్పుడూ పెట్టాలి. బాలకోటయ్య కాలు దొడ్డివైపు ఒక అడుగు వేసింది కూడా. చేతిలో చీర కొస ఇంకా ఉంది. ఆగి, ఫోను తీసుకున్నాడు.

"అన్నయ్యగారూ, జాగ్రత్తగా ఉన్నారా? మీరున్నారుగా, నాకు భయం లేదులెండి. మీరు చూసినవాళ్ళు" అంది మహాలక్ష్మి గొంతు. వాన హోరులో ఎక్కడో అడుగునుంచి వచ్చినట్టుంది. "అక్క ఎక్కడుందో ఈ వానకి. ఆ పడవ మీద గూడు ఉందన్నారా, లేదన్నారా?"

"చెల్లెమ్మా." దగ్గాడు. "చెల్లెమ్మా, నేను ఆ పడవ చూళ్ళేదు. మీ అక్కనీ చూళ్ళేదు. అసలు దివిసీమకే రాలేదు నేను. నోటికొచ్చింది చెప్పా. అబద్ధం."

అటునుంచి మాట లేదు.

"చెల్లెమ్మా?"

ఫోను చెవినుంచి తీసి చూశాడు. తెర నల్లగా ఉంది. ఎక్కడిదాకా విన్నదో! పడవ చూళ్ళేదన్నది విన్నదా? అబద్ధం అన్నది విన్నదా? చార్జింగు ఎక్కించాల్సిన డబ్బా నేలమీద ఇంకా నీళ్ళు కారతా ఉంది. దాన్ని పాతరలో పెట్టినవాడు దేశంలో ఇంకొకడు లేడు. అబిదా తన ఫోను ఇస్తానంది. అది కూడా పొద్దుననగా చచ్చింది.

*

వాన తగ్గింది. వాగు దిగేదాకా, కరెంటు వచ్చేదాకా బాలకోటయ్య అరుగు మీద కూర్చోలా. అన్నం పెట్టినప్పుడు కృష్ణవేణి కంచం కాస్త దూరంగా పెట్టేది. అబిదాకు కృష్ణవేణి తన పాతచీర ఒకటిచ్చింది. పచ్చచీరను బాలకోటయ్యే ఉతికాడు. కుంకుడుకాయ రసంలో నానబెట్టి, మరకల దగ్గర వేళ్ళతో రుద్ది రుద్ది. పుట్టాక గోచి తప్ప ఏదీ ఉతుక్కోని మనిషి. పంచలో తాడు కట్టి ఆరేశాడు. ఎర్రమరకలు చానావరకు పోయినయి. అంచు దగ్గర ఒకటి పోలేదు. దారినపోయే హనుమయ్య, "ఏంది పెద్దాయనా, చీరలు ఉతుకుతున్నావు? ఉప్పెన కథలో ఇది కొత్తదా?" అన్నాడు.

కరెంటు వచ్చినాక రోహిణి ఫోను చార్జింగుకు తగిలించింది. ప్రాణం రాగానే, చీర తడిసిందని తల్లికి మెసేజి పెట్టింది. అటునుంచి మిస్డ్ కాల్ ఒక్కటి కూడా లేదు. లైను తెగిందనుకుంటే మళ్ళీ చేసేది, చెయ్యలేదంటే విన్నది. బాలకోటయ్య కోడలి దగ్గరికొచ్చాడు.

"కలిపివ్వమ్మా. నేనే మాట్లాడతా."

మహాలక్ష్మి వెంటనే ఎత్తింది. పిల్లాడికి జలుబు చేసిందా అని అడిగింది. లేదన్నాడు. గేదెలు బాగున్నయ్యా అంది. బాగున్నయన్నాడు. పత్తి పోయిందా అంది. పోయిందన్నాడు. పడవ సంగతి అడగలా. అడక్కపోవటం ఎంత బరువో ఆయనకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ ఆమె అడిగితే పారిపోయాడు. ఇప్పుడు అడిగితే బాగుండునని నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, నువ్వు నన్నేమన్నా అను. తిట్టు" అన్నాడు.

అటు గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు వినపడింది.

"ఆ చీర తడిసిందంటగా, రోహిణి పంపిన మెసేజి చూశా. ఆరిందా అన్నయ్యగారూ?"

"ఆరిందమ్మా. ఉతికా. అంచుకు మరకుంది."

"తడిసి వచ్చినవాళ్ళెవరన్నా ఉన్నారా మీ ఇంట్లో?"

"ఉంది. అబిదా అని, మా వీధి మనిషే."

"ఏ యీడు?"

బాలకోటయ్య అరుగు వంక చూశాడు. అబిదా మిషను తలకాయకు నూనె పెడతా, మణిదీప్‌కు కోడిపెట్టను చూపిస్తోంది. "మీ అక్క... ఆ యీడే ఉంటదమ్మా."



"ఆమెకు కట్టించండి" అంది మహాలక్ష్మి. "ఉంటానన్నయ్యగారూ. పొయ్యి మీద ఎసరుంది." పెట్టేసింది.

ఇదీ జరిగింది. ఇందులో నేను పెంచింది ఏమీ లేదు, కోడిపెట్ట మొహం తప్ప.

ఇప్పుడు వాళ్ళింట్లో పెయింటు బక్కెట్టు అటక మీద ఉంది. రోహిణి సర్దింది, మూత ఆమే బిగించింది. బాలకోటయ్య నిచ్చెన పట్టుకున్నాడు. అందులో చీర లేదు. పాతరను మట్టితో పూడ్చారు.

సాయంత్రాలు ఆయన అరుగు మీదే కూర్చుంటాడు. పిల్లకాయలు వచ్చి, "తాతా, ముసలమ్మ మంచం కథ చెప్పు" అంటే, "నేను చూళ్ళేదురా" అంటాడు. వాళ్ళు అది కథకు కొత్త మొదలనుకోని చుట్టూ కూర్చుంటారు. ఎంతసేపటికీ రెండో మాట రాకపోతే లేచిపోతారు.

శుక్రవారం శుక్రవారం అబిదా పచ్చచీర కట్టుకోని కుట్టిన జాకెట్లు ఇవ్వటానికి ఆ వీధినే పోద్ది. మరక కనపడకుండా అంచు లోపలికి మడిచి కుట్టుకుంది. ఆ పచ్చ రంగు వీధి మలుపులో కనపడగానే బాలకోటయ్య అరుగు మీంచి లేస్తాడు. భుజం మీద తుండుగుడ్డ తీసి చేతిలో పట్టుకోని, ఆ చీర దాటిపోయినదాకా నిలబడతాడు.

"నన్ను చూసి లేస్తావేంది బాబాయ్? నేనేమన్నా కలెక్టరునా?" అని అబిదా నవ్వుద్ది.

"కాళ్ళు తిమ్మిరెక్కినయ్యే" అంటాడు బాలకోటయ్య.

ఇప్పుడు ఆయన ఆడే అబద్ధం అదొక్కటే. దానికి యల్లమంద అవునని కూడా అనడు.